మంగోలియా గ్రామీణ పొదుపు పరపతి సంఘాలు

నిర్వచనం, పరిధి

సభ్యులు కూడబెట్టిన సొమ్మును సభ్యులకే అప్పుగా ఇస్తూ, వాటా ఎంత ఉన్నా ఒక్కొక్కరికి ఒక్క ఓటే ఉండే నియమంతో సభ్యులే నడుపుకునే ఆర్థిక సహకార సంస్థను పొదుపు పరపతి సంఘం అంటారు. మంగోలియాలో దీనిని ‘ఖద్గలమ్జ్ జీలీన్ ఖొర్షో’ అని వ్యవహరిస్తారు; ఖొర్షో అన్నది అక్కడ సహకార సంఘాలన్నిటికీ వాడే సామాన్య పదం. బ్యాంకు ఎవరి దగ్గరైనా డిపాజిట్టు తీసుకోగలదు, ఎవరికైనా అప్పు ఇవ్వగలదు. పొదుపు పరపతి సంఘానికి మాత్రం ఈ రెండు పనులూ సభ్యుల పరిధి దాటి చేసే అధికారం లేదు. ఈ వ్యాసంలో ప్రధానంగా రాజధాని ఉలాన్‌బాతర్‌కు వెలుపల, పశుపోషకుల మధ్య పనిచేసే సంఘాల పరిచయం ఉంటుంది. పట్టణ సంఘాల ప్రస్తావన 2006 సంక్షోభం సందర్భంలో మాత్రమే వస్తుంది.

ఈ సంస్థారూపానికి మూలం 19వ శతాబ్దపు జర్మనీ. 1864లో ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్ హెడ్డెస్‌డోర్ఫ్‌లో స్థాపించిన గ్రామీణ పరపతి సంఘం, ఒక ఊరివారు ఒకరికొకరు పూచీగా నిలిచే పద్ధతికి ప్రపంచమంతటా నమూనా అయింది. అప్పటి మద్రాసు రాజధానిలో ఫ్రెడరిక్ నికల్సన్ 1890లలో సమర్పించిన నివేదికల ద్వారా, ఆ తరువాత వచ్చిన 1904 సహకార పరపతి సంఘాల చట్టం ద్వారా ఇదే నమూనా తెలుగు జిల్లాలకూ చేరింది. అయితే రైఫైజెన్ ఊహించిన సంఘం స్థిరంగా ఒకచోట నివసించే రైతుల సంఘం. మంగోలియాలో అదే రూపం ఏడాదిలో పలుమార్లు నివాసం మార్చే కుటుంబాల మధ్య పనిచేయవలసి వచ్చింది. ఆ దేశపు సంఘాల విశిష్టతలూ ఇబ్బందులూ చాలావరకు ఈ తేడా నుంచే పుట్టాయి.

భౌగోళిక, పాలనా నేపథ్యం

మంగోలియా వైశాల్యం సుమారు 15.6 లక్షల చదరపు కిలోమీటర్లు. జనాభా దాదాపు 35 లక్షలు, అందులో సగానికి దగ్గరగా ఉలాన్‌బాతర్‌లోనే ఉంది. రాజధాని మినహా మిగిలిన దేశాన్ని ఐమగ్‌లు అనే 21 రాష్ట్రాలుగా, వాటిని సుమారు 330 సుమ్‌లుగా, ఒక్కొక్క సుమ్‌ను బాగ్‌లు అనే చిన్న విభాగాలుగా విభజించారు. సగటున ఒక సుమ్ దాదాపు 4,700 చదరపు కిలోమీటర్లు విస్తరించి ఉన్నా, అందులో నివసించేది చాలాచోట్ల కొన్ని వేల మంది మాత్రమే. సుమ్ కేంద్రంలో పాలనా కార్యాలయం, వసతిగృహంతో కూడిన బడి, వైద్యశాల, బ్యాంకు శాఖ, కొన్ని దుకాణాలు ఉంటాయి. పశుపోషక కుటుంబాలు గెర్ అనే మడిచి తరలించగల గుండ్రని ఉన్నిగుడారాలలో పచ్చికబయళ్ల మీద నివసిస్తాయి. రెండు మూడు కుటుంబాలో అంతకు కొంచెం ఎక్కువో కలిసి ఒకచోట దిగే విడిదిని ఖోత్ ఐల్ అంటారు. ఇరుగుపొరుగు అన్న సంబంధానికి అక్కడ ఆధారం వీధి కాదు, ఈ విడిదే.

గొర్రె, మేక, ఆవు (జడలబర్రెను కూడా ఇందులోనే లెక్కిస్తారు), గుర్రం, ఒంటె అనే ఐదు రకాల పశువులు పశుపోషకుల ఆస్తి. ఏటా డిసెంబరులో దేశవ్యాప్తంగా పశుగణన జరుగుతుంది. వేర్వేరు జాతుల మందలను ఒకే కొలతలోకి తెచ్చేందుకు గొర్రెను ఏకాంకంగా తీసుకొని, గుర్రాన్ని 7, ఆవును 6, ఒంటెను 5, మేకను 0.9 గొర్రెలకు సమానంగా లెక్కించే పద్ధతి ఉంది. అది మేత అవసరాన్ని బట్టి నిర్ణయించిన కొలత కావడం వల్ల, అప్పు ఇచ్చేటప్పుడు చూడవలసిన అంగడి ధరతో అన్నివేళలా సరిపోలదు.

చరిత్ర

1921కి పూర్వం. మంచూ పాలన చివరి శతాబ్దంలో మంగోలియా గ్రామసీమల రుణవ్యవస్థ చైనా వర్తక సంస్థల చేతిలో ఉండేది. వాటిలో పెద్దదైన ద షెంగ్‌కుయ్ సంస్థ తేయాకు, బట్ట, పిండి వంటి సరుకులను అరువుగా ఇచ్చి, బాకీని పశువుల రూపంలో వసూలు చేసేది. ఖొషూ అనే పాలనా విభాగం మొత్తాన్ని దాని ప్రభువు చేసిన అప్పుకు బాధ్యత వహించేదిగా లెక్కించే ఆచారం వల్ల, అప్పు తీసుకోని కుటుంబాలు కూడా వడ్డీ భారం మోయవలసి వచ్చేది. ఈ అప్పుల చరిత్రను మంగోలియా చరిత్రకారుడు సంజ్‌దోర్జ్ విపులంగా పరిశోధించాడు. సమష్టి పూచీ అన్నది సంఘంలోని వారు తమంత తాము ఒప్పుకున్నప్పుడు రక్షణగానూ, పైనుంచి రుద్దినప్పుడు పీడనగానూ మారగలదని ఆ చరిత్ర చూపుతున్నది.

1921 నుంచి 1990 వరకు. 1921లో విప్లవం జరిగిన ఏడాదే మంగోలియా కేంద్ర సహకార సంఘం ఏర్పడింది. అది ప్రధానంగా వర్తక సహకార సంస్థ. 1924లో సోవియట్ భాగస్వామ్యంతో వాణిజ్య, పారిశ్రామిక బ్యాంకు నెలకొంది. 1925లో జాతీయ కరెన్సీ తుగ్రిక్ చలామణిలోకి వచ్చింది. 1950లలో పశుపోషకులను నెగ్దెల్ అనే సమష్టి క్షేత్రాలలో చేర్చారు. ఆ ప్రక్రియ 1959 నాటికి దాదాపు పూర్తయింది. నెగ్దెల్ సభ్యుడికి నెల జీతం, పింఛను, రవాణా, శీతకాలపు మేత, పశువైద్యం అన్నీ సంస్థ ద్వారానే అందేవి కాబట్టి, వ్యక్తిగత రుణం అన్న అవసరమే చాలావరకు కనబడకుండా పోయింది. నెగ్దెల్‌ను కూడా సహకార సంస్థగానే పిలిచినప్పటికీ, అందులో చేరడం, విడిపోవడం సభ్యుడి ఇష్టానికి వదిలిన విషయాలు కావు. 1990ల తరువాత గ్రామాలలో సహకారం అన్న మాటే కొంత అనుమానానికి గురికావడానికి ఈ అనుభవం ఒక కారణం.

1990 తరువాత. 1991లో ప్రైవేటీకరణ మొదలై, కొద్ది ఏళ్లలో నెగ్దెల్‌లు రద్దయి, పశువులు కుటుంబాల పరమయ్యాయి. నగరాలలో కర్మాగారాలు మూతపడడంతో ఉపాధి కోల్పోయినవారు పచ్చికబయళ్ల బాట పట్టారు. పశుపోషక కుటుంబాల సంఖ్య 1990లో సుమారు 75 వేలు ఉండగా 2000 నాటికి 1.9 లక్షలకు చేరింది. జీతం ఆగిపోయింది, మేతకూ రవాణాకూ చేతి డబ్బు పెట్టుకోవలసి వచ్చింది, పొదుపు దాచుకోవడానికి నమ్మదగిన చోటు లేకపోయింది. 1991లో ఏర్పడిన వ్యవసాయ బ్యాంకు నష్టాలలో కూరుకుపోయి 1999లో కేంద్ర బ్యాంకు నియమించిన అధికారి అజమాయిషీలోకి వెళ్లింది. అంతకుముందే, 1996 చివరలో, ప్రజల డిపాజిట్లు పెద్ద ఎత్తున ఉన్న అర్దిన్ బ్యాంకు మూతపడింది. ఈ శూన్యంలోనే 1990ల ద్వితీయార్ధంలో తొలి పొదుపు పరపతి సంఘాలు పుట్టాయి. 1998లో వచ్చిన సహకార సంఘాల చట్టం వాటికి న్యాయపరమైన ఆధారం కల్పించింది. ఆసియా అభివృద్ధి బ్యాంకు వంటి సంస్థలు శిక్షణకూ నిధులకూ తోడ్పడ్డాయి. 2000ల మధ్యకాలానికి సంఘాలు వందల సంఖ్యకు చేరాయి.

2006 సంక్షోభం. సంఘాల సంఖ్య పెరిగినంత వేగంగా పర్యవేక్షణ పెరగలేదు. ఉలాన్‌బాతర్‌లోని కొన్ని సంఘాలు బ్యాంకుల కంటే చాలా ఎక్కువ వడ్డీ ఆశచూపి, ఒకరినొకరు ఎరుగని వేలాది మందిని పేరుకు సభ్యులుగా చేర్చుకొని, వచ్చిన సొమ్మును నిర్వాహకుల వ్యాపారాలకు మళ్లించాయి. 2006లో అవి ఒకదాని వెంట ఒకటి కూలిపోయాయి, డిపాజిట్టుదారులు వీధికెక్కారు. ఆ ఏడాదే పని ప్రారంభించిన ఆర్థిక నియంత్రణ కమిషన్‌కు సంఘాల లైసెన్సు, తనిఖీ బాధ్యతలు దక్కాయి. 2011లో పొదుపు పరపతి సంఘాలకు ప్రత్యేక చట్టం వచ్చింది. దెబ్బ తగిలింది ప్రధానంగా నగర సంఘాలకే అయినా అపనమ్మకం పల్లెలకూ పాకి, నిజాయితీగా నడుస్తున్న సుమ్ స్థాయి సంఘాలు సైతం సభ్యులను కోల్పోయాయి. రాజధానిలోని సంఘాల తప్పుకు మారుమూల సంఘాలు మూల్యం చెల్లించడం ఈ రంగ చరిత్రలో మరువరాని అన్యాయం.

రకాలు

ఒకే సుమ్ నివాసులు కలిసి పెట్టుకున్నవి, ఐమగ్ కేంద్రంలో ఉండి చుట్టుపక్కల సుమ్‌ల సభ్యులను చేర్చుకునేవి, ఉపాధ్యాయులు లేదా ఒక సంస్థ ఉద్యోగులు కలిసి నడిపేవి అని గ్రామీణ సంఘాలను స్థూలంగా మూడు విధాలుగా చూడవచ్చు. నెల జీతం వచ్చేవారు ఎక్కువగా ఉన్న సంఘంలో సొమ్ము రాకపోకలు ఏడాది పొడవునా సమంగా ఉంటాయి; పశుపోషకులే ఎక్కువగా ఉన్న సంఘంలో అవి రెండు మూడు నెలలలో కేంద్రీకృతమవుతాయి. ఉపాధ్యాయులు, వైద్య సిబ్బంది, పింఛనుదారులు పశుపోషకులతో కలిసి సభ్యులుగా ఉన్న మిశ్రమ సంఘానికి ఈ హెచ్చుతగ్గులను తట్టుకునే శక్తి అధికం. నొఖొర్లొల్ అనే అనధికార బృందాలు, ఉన్నిని కలిసి అమ్ముకునే పశుపోషకుల సహకార సంఘాలు వేరు; వాటికి డిపాజిట్లు సేకరించే అధికారం ఉండదు.

నిర్మాణం, నిర్వహణ

అత్యున్నత అధికారం సర్వసభ్య సమావేశానిది. అది పాలకవర్గాన్నీ, దాని మీద కన్నేసి ఉంచే పర్యవేక్షక మండలినీ ఎన్నుకుంటుంది. అప్పు దరఖాస్తులను రుణ ఉపసంఘం పరిశీలిస్తుంది. రోజువారీ పనిని కార్యనిర్వాహకుడు, లెక్కలు రాసే ఉద్యోగి చూస్తారు. చిన్న సంఘాలలో జీతం తీసుకునేది వీరిద్దరే కావడం కద్దు. సంఘం నిధులకు సభ్యుల వాటా ధనం, సభ్యుల డిపాజిట్లు, మిగులు నుంచి పక్కన పెట్టిన రిజర్వులు, కొన్ని సందర్భాలలో బ్యాంకుల నుంచో పథకాల నుంచో తెచ్చిన అప్పు ఆధారం. వాటా ధనం సంఘపు మూలధనం. సభ్యుడు వైదొలగినప్పుడే తిరిగి వస్తుంది, నష్టం వస్తే ముందుగా కరిగేది అదే. డిపాజిట్టు సంఘం తీర్చవలసిన బాకీ. సంఘంలో కొత్తగా చేరినవారు ఈ రెంటినీ ఒకటిగా భావించే ప్రమాదం ఉన్నందున, సభ్యత్వ శిక్షణ ఈ భేదంతోనే మొదలు కావలసి ఉంటుంది.

మంగోలియాలో వడ్డీని నెలవారీగా చెప్పడం ఆచారం. నిధుల కొరత, ద్రవ్యోల్బణం, చిన్న అప్పుల నిర్వహణ ఖర్చు కలిసి ఏడాది రేటును సాధారణంగా రెండంకెలలోనే నిలుపుతున్నాయి. అయినా సంఘం వసూలు చేసిన వడ్డీలో ఖర్చులు పోను మిగిలింది డిపాజిట్టుపై వడ్డీగానో, లాభాంశంగానో, రిజర్వుగానో సభ్యుల మధ్యనే నిలుస్తుంది.

రుణచక్రం

గ్రామీణ సంఘం పనితీరును అర్థం చేసుకోవడానికి పశుపోషకుని ఏడాదిని తెలుసుకోవడం అవసరం. ఆదాయానికి తొలి, ప్రధాన మూలం వసంతకాలంలో మేకల నుంచి దువ్వి తీసే కాష్మీర్. ఇది శీతకాలంలో మేక పైవెంట్రుకల కింద పెరిగే మెత్తని నూగు. దీని ఉత్పత్తిలో చైనా తరువాతి స్థానం మంగోలియాదే. మార్చి నుంచి మే వరకు సాగే ఈ సేకరణ వారాలలో ఏడాది నగదులో పెద్దభాగం చేతికి వస్తుంది. వేసవి మొదట్లో గొర్రె ఉన్ని, వేసవిలో పాల ఉత్పత్తులు, శీతకాలం ఆరంభంలో మాంసం తరువాతి ఆదాయాలు.

ఖర్చుల క్యాలెండరు దీనితో పొసగదు. సెప్టెంబరు 1న బడులు తెరుస్తారు కాబట్టి ఆగస్టులో పిల్లల బట్టలు, పుస్తకాలు, నగరంలో చదివేవారి రుసుములు ఒక్కసారిగా వచ్చిపడతాయి. శరదృతువులో గడ్డి, దాణా కొనాలి. చాంద్రమాన నూతన సంవత్సరమైన త్సగాన్ సార్ సాధారణంగా ఫిబ్రవరిలో, అంటే కాష్మీర్ డబ్బు రావడానికి కొద్ది వారాల ముందు, కానుకలతో బంధువిందులతో అతి పెద్ద ఖర్చును తెస్తుంది. ఈ మధ్యకాలపు లోటును సంఘాలు లేనిచోట సుమ్ దుకాణదారుని అరువు పద్దు, చెంజ్ అని పిలిచే తిరుగుడు వర్తకుని ముందస్తు సొమ్ము పూడుస్తాయి. చెంజ్ ఇచ్చిన సొమ్ముకు బదులు కాష్మీర్‌ను ముందే మాట్లాడుకున్న ధరకు అప్పగించవలసి రావడంతో, వడ్డీ పైకి కనబడకపోయినా ధరలోనే దాగి ఉంటుంది.

సంఘం చేయగల అతి ముఖ్యమైన సేవ ఇక్కడే ఉంది. శరత్కాలంలోనో శీతకాలంలోనో ఇచ్చిన అప్పుకు నెలనెలా సమాన వాయిదాలు పెట్టడం మానుకొని, అసలులో పెద్దభాగాన్ని మే, జూన్ నెలలకు జరిపితే సభ్యుడు కాష్మీర్‌ను తనకు నచ్చిన ధర వచ్చేవరకు నిలుపుకొని అమ్ముకోగలుగుతాడు. అందుకు ప్రతిగా సంఘం చేతిలో ఆగస్టు నాటికి తగినంత నగదు నిల్వ ఉండాలి, ఎందుకంటే పొదుపు వెనక్కి తీసుకునేవారూ కొత్త అప్పు అడిగేవారూ ఒకే వారంలో వస్తారు. గడ్డి, దాణాలతో పాటు మోటారు సైకిలు, శీతకాలపు పశువుల కొట్టం, బావి మరమ్మతు వంటివి ఇతర రుణప్రయోజనాలు.

హామీ

1992 రాజ్యాంగంలోని 6వ అధికరణం ప్రకారం పచ్చికబయళ్లను ప్రైవేటు యాజమాన్యానికి ఇవ్వడానికి వీలులేదు. భూమి తాకట్టు మీద నిలిచిన రుణపద్ధతి ఏదీ అందువల్ల అక్కడి పశుపోషకునికి వర్తించదు. శీతకాలపు విడిది స్థలంపై స్వాధీన హక్కు పత్రం ఉన్నా దానికి అంగడి విలువ స్వల్పం. మిగిలిన ఆస్తి పశువులే. అవి కదులుతాయి, చనిపోతాయి, అమ్ముడుపోతాయి, ఈనుతాయి. చరాస్తుల తాకట్టును నమోదు చేసే చట్టం 2017లో అమలులోకి వచ్చినా, వందల కిలోమీటర్ల దూరం తోలుకుపోయిన మందను జప్తు చేయడం ఆచరణలో కష్టం. ఈ కారణంగా బ్యాంకులు ఎక్కువగా జీతం, పింఛను పూచీ మీద అప్పులివ్వడానికి మొగ్గు చూపాయి. వృద్ధుల పింఛను అప్పులు ఎంతగా పేరుకుపోయాయంటే, 2020లో ప్రభుత్వం ఒక పరిమితికి లోబడి వాటిని తానే తీర్చే చట్టం తేవలసి వచ్చింది.

సంఘం బలం సమాచారంలో ఉంది. ఏ కుటుంబం మందను ఎంత శ్రద్ధగా కాస్తుంది, ఎవరి ఇంట మద్యం సమస్య ఉంది, ఎవరి పిల్లలు నగరం నుంచి డబ్బు పంపుతారు అన్నది రుణ ఉపసంఘ సభ్యులకు ముందే తెలుసు. పశుగణన లెక్కకు బాగ్ అధిపతి ఇచ్చే ధ్రువీకరణ పత్రం తోడవుతుంది. ఇద్దరు ముగ్గురు సభ్యుల జామీను, ముందుగా కొంతకాలం పొదుపు చేసి ఉండాలన్న నియమం దానికి బలం చేకూరుస్తాయి. కొత్త మేత వెదుక్కుంటూ దూర ప్రాంతాలకు మందను తరలించే ఓతోర్ కాలంలో వాయిదా తప్పిన సభ్యుడు ఎగవేతదారుడా, దారిలో ఉన్నవాడా అని పోల్చుకోగలగడం ఈ సామీప్యం వల్లనే సాధ్యమవుతుంది.

జుద్, సామూహిక నష్టభయం

వేసవి కరవు తరువాత కఠిన శీతకాలం వచ్చి పశువులు మూకుమ్మడిగా చనిపోయే విపత్తును జుద్ అంటారు. మంచు దట్టంగా పేరుకొని మేత అందకపోవడం తెల్ల జుద్. మంచే కురవక దాహానికి నీరు దొరకకపోవడం నల్ల జుద్. కరిగిన మంచు మళ్లీ గడ్డకట్టి గడ్డి మీద పలకలా బిగుసుకోవడం ఇనుప జుద్. 1999 నుంచి 2002 వరకు వరుస శీతకాలాల దెబ్బకు దేశంలోని పశుసంపద సుమారు 3.35 కోట్ల నుంచి 2.4 కోట్లకు పడిపోయింది. 2009–10లో దాదాపు కోటి పశువులు, అంటే మొత్తంలో ఐదోవంతుకు పైగా చనిపోయాయి. 2023–24లో చనిపోయినవి 70 లక్షలకు పైనే.

సంఘానికి బలమైన సామీప్యమే ఇక్కడ బలహీనత అవుతుంది. ఒకే సుమ్ సభ్యులందరి మందలూ ఒకే మంచులో చిక్కుకుంటాయి. అప్పు తీర్చలేనివారు, పొదుపు వెనక్కి అడిగేవారు, అత్యవసర రుణం కోరేవారు ఒకేసారి, తరచు ఒకే వ్యక్తి రూపంలో, తలుపు తడతారు. జామీనుదారుని మంద కూడా పోయినప్పుడు జామీనుకు అర్థం ఉండదు. నష్టం ఒకరికి వస్తే పదిమంది మోయడం సహకార సూత్రం. అందరికీ ఒకేసారి వచ్చిన నష్టాన్ని ఊరి స్థాయి సంస్థ ఎంత నిజాయితీగా నడిచినా ఒంటరిగా మోయలేదు. సంఘాలను అంచనా వేసే నివేదికలు మొండి బాకీల శాతాన్ని మాత్రమే చూసి నిర్వాహకులను తప్పుపట్టడం ఈ కారణంగా సమంజసం కాదు.

దీనికి కనుగొన్న ఉపాయాలలో ముఖ్యమైనది సూచీ ఆధారిత పశుబీమా. ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో బయన్‌ఖొంగోర్, ఉవ్స్, ఖెంతీ ఐమగ్‌లలో 2006లో ప్రయోగాత్మకంగా మొదలై 2012 నాటికి అన్ని ఐమగ్‌లకూ విస్తరించిన ఈ పథకంలో, ఒక్కొక్క కుటుంబం నష్టాన్ని విడిగా కొలవరు. సుమ్ మొత్తంలో ఆ జాతి పశువుల మరణాల శాతం నిర్ణీత స్థాయి దాటితే బీమా చేసినవారందరికీ పరిహారం చెల్లిస్తారు. మందను బాగా కాచినవారికి నష్టపోయే భయం, నిర్లక్ష్యం చేసినవారికి లాభపడే అవకాశం రెండూ ఈ పద్ధతిలో తగ్గుతాయి. సంఘాల అప్పును ఈ బీమాతో జతపరచడం, పలు ఐమగ్‌ల సంఘాల రిజర్వులను సమాఖ్య స్థాయిలో కలపడం తార్కికంగా తరువాతి మెట్లు.

బ్యాంకులతో సంబంధం

2000లో విదేశీ నిర్వహణకు అప్పగించిన వ్యవసాయ బ్యాంకు లాభాల బాట పట్టి, 2003లో ఒక జపాన్ సంస్థకు అమ్ముడై, ఖాన్ బ్యాంకు పేరుతో దాదాపు ప్రతి సుమ్‌కూ శాఖలు విస్తరించింది. రెండు సూక్ష్మరుణ సంస్థల కలయికతో 2001లో ఏర్పడిన ఖాస్ బ్యాంకు కూడా గ్రామాల వైపు వచ్చింది. సంఘాలు పుట్టడానికి కారణమైన శూన్యం ఈ విధంగా కొంత పూడింది. దేశ ఆర్థికరంగ ఆస్తులలో అత్యధిక భాగం నేడు బ్యాంకులదే. సంఘాల వాటా ఒక శాతం లోపే. 2013 నుంచి బ్యాంకు డిపాజిట్లకు చట్టబద్ధమైన బీమా ఉండగా, సంఘాల డిపాజిట్లు ఆ రక్షణ వెలుపలే మిగిలాయి.

క్షేత్ర సందర్శన

సహకార శిక్షణలోనూ పరిశోధనలోనూ భాగంగా సుమ్ స్థాయి సంఘాలను చూడబోయేవారు, సంఘం కార్యాలయం ఒకచోట, సభ్యులు వేరొకచోట ఉంటారన్న సంగతిని ముందుగా గుర్తించాలి. ఐమగ్ కేంద్రాల వరకు తారురోడ్లు విస్తరించినా, అక్కడి నుంచి సుమ్‌కూ విడిదికీ దారి చాలాచోట్ల మట్టిబాటే. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ప్రయాణం సులభం. వసంతంలో గాలిదుమారాలు బాధించినా, వసూళ్లు జరిగే తీరు కళ్లారా చూడదగిన కాలం అదే. గెర్‌ను సమీపించేటప్పుడు కుక్కను పట్టుకొమ్మని కేకవేయడం, గడపను తొక్కకుండా లోపలికి అడుగుపెట్టడం, ఇచ్చిన పాలతేనీటిని కుడిచేత్తో అందుకోవడం మర్యాద. పలకరింపు పశువులు కొవ్వెక్కాయా, చలికాలం సుఖంగా గడిచిందా అన్న ప్రశ్నలతో మొదలవుతుంది. ఆ జవాబులలోనే కుటుంబపు రుణయోగ్యత సగం తెలిసిపోతుంది.

కార్యాలయంలో పరిశీలించవలసినవి కొన్ని ఉన్నాయి: గడువు మీరిన అప్పులు ఎన్నాళ్లవి, పాలకవర్గ సభ్యులకూ వారి బంధువులకూ ఇచ్చినవి మొత్తంలో ఎంత, వాయిదా తేదీలు కాష్మీర్ కాలంతో కలుస్తున్నాయా, ఆగస్టు చివరన నగదు నిల్వ ఎంత ఉంది, సర్వసభ్య సమావేశానికి దూరపు బాగ్‌ల వారు రాగలుగుతున్నారా. 2006లో కూలిన సంఘాల పద్దులను ఎవరైనా ఈ ప్రశ్నలతో ముందే చదివి ఉంటే ప్రమాదం బయటపడి ఉండేది.

ప్రాముఖ్యం, విమర్శ

సంఘం ఉన్న సుమ్‌లో దుకాణదారుని అరువుకూ చెంజ్ ధరకూ ప్రత్యామ్నాయం ఉంటుంది; ఎన్నికైన పాలకవర్గం, రాసిన లెక్క, అడిగే హక్కు ఉన్న సభ్యుడు అన్నవి నెగ్దెల్ కాలంలో లేని పౌర అనుభవాలు. మరోవైపు, సులభ రుణం మందల సంఖ్యను పెంచుతుందన్న విమర్శకు ఆధారాలున్నాయి. మంద పరిమాణాన్ని బట్టి అప్పు ఇచ్చినప్పుడు, కాష్మీర్‌తోనే తీర్చమన్నప్పుడు, మేకలు పెంచడమే లాభసాటి అవుతుంది. 1990లో సుమారు 51 లక్షలున్న మేకలు 2019 నాటికి 2.9 కోట్లకు పెరగడానికి అంగడి ధరలు ప్రధాన కారణమైనా, రుణవిధానం పాత్ర కూడా కొంత ఉంది. మేత క్షీణించిన నేలపై తరువాతి జుద్ మరింత ప్రాణాంతకమవుతుంది. మంద నాణ్యత, మేత నిల్వ, పచ్చికకు విశ్రాంతి వంటి అంశాలను రుణ షరతులలో చేర్చాలన్న సూచనలు ఈ నేపథ్యంలో వచ్చాయి. 2024లో ప్రభుత్వం ‘షినె ఖొర్షో’, అంటే కొత్త సహకార సంఘం, అన్న పేరుతో సహకార సంఘాలలో చేరే పశుపోషకులకు రాయితీ వడ్డీ రుణాలను బ్యాంకుల ద్వారా ఇచ్చే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఆ రాయితీ సొమ్ము, నెలనెలా కొద్దికొద్దిగా కూడబెట్టిన సొంత పొదుపు మీద నిలబడిన సుమ్ సంఘాలకు తోడవుతుందా, పోటీ అవుతుందా అన్నది సుమ్‌లలో సభ్యులు తమ పొదుపును ఎక్కడ ఉంచుతారన్న దాని మీద ఆధారపడి ఉంది.